పుంజా, పెట్టా?



పొదుగుకు కూర్చున్న కోడి 21 రోజుల తపస్సు ముగించుకుని, పిల్లల్ని వెంటేసుకుని పెరట్లోకి వచ్చిందనుకోండి. పది పిల్లలున్నాయి. వాటిలో పుంజులెన్ని, పెట్టలెన్ని? ఇంట్లో పెద్దమ్మ ఒక లెక్క చెబుతుంది, పక్కింటాయన ఇంకో లెక్క చెబుతాడు. మూడు నెలలు పోయాక ఇద్దరి లెక్కా తప్పుతుంది. ఎవరికీ నష్టం లేదు కనుక నవ్వుకుని ఊరుకుంటారు.

ఇదే ప్రశ్నకు ఒకసారి నేను మిషను కాంపౌండులో ఎనిమిది మంది ఆడవాళ్ళ ఎదుట ఏమాత్రం తడబడకుండా జవాబు చెప్పాను. ఆ జవాబు వల్ల నష్టం జరిగింది. ఆ సంగతీ, దాని వెంట నాకు కలిగిన ఆలోచనలూ ఈ వారం మీతో చెప్పుకోవాలని ఉంది.

2013లో నేను పల్నాడు వైపు ఒక పల్లె విచారణలో ఉన్నాను. మా డ్వాక్రా అమ్మలు కొందరు అప్పు తీసుకుని పెరటికోళ్ళు పెంచుదామనుకున్నారు. గుడ్లు అమ్ముకుంటే పిల్లల పుస్తకాలకూ, సబ్బులకూ గడుస్తుందని వాళ్ళ ఆశ. అందుకని పెట్టలే కావాలన్నారు. ఒకాయన మోటారు సైకిలు మీద చిల్లుల అట్టపెట్టెల్లో పిల్లల్ని తెచ్చాడు. అప్పుడే పొదిగిన పిల్లలు, ఆడా మగా కలిసినవి. ఏరుకోవచ్చు గానీ ఏరితే ధర ఎక్కువ అన్నాడు.

అంతకు వారం ముందే నేనొక చిన్న పుస్తకంలో చదివాను. పిల్ల రెక్కను మెల్లగా విప్పి చూస్తే అంచున ఈకలు రెండు వరసలుగా కనిపిస్తాయి. ఒక వరస పొడుగ్గా, ఒక వరస పొట్టిగా ఉంటే అది పెట్ట. రెండూ సమానంగా ఉంటే పుంజు. పక్కనే బొమ్మ కూడా వేసి ఉంది. చదువుకున్నది తత్వశాస్త్రమైనా, బొమ్మ చూస్తే ఎవరికైనా ధైర్యం వస్తుంది గదా! వేపచెట్టు కింద కుర్చీ వేయించుకుని, ఒక్కొక్క పిల్లనూ అరచేతిలోకి తీసుకుని, రెక్క విప్పి, “ఇది పెట్ట, ఇది పుంజు” అని తీర్పులిచ్చాను. 40 ఏరి, మనిషికి అయిదు చొప్పున పంచాను. తెచ్చినాయన ఒక్క మాటా మాట్లాడలేదు. ఏరిన ధర పుచ్చుకుని, నేను వద్దన్నవాటిని పెట్టెల్లో సర్దుకుని వెళ్ళిపోయాడు.

మూడున్నర నెలలకు, తెల్లవారుజామున పూజకు గంట కొట్టకముందే, పల్లె నాలుగు మూలలా కూత మొదలైంది. పునీత పేతురు గారికి ఒక్క కోడి కూస్తేనే కన్నీళ్ళు వచ్చాయి. నాకు పంతొమ్మిది కూశాయి. గద్దలకూ తెగులుకూ పోగా మిగిలిన 33లో 19 పుంజులే. వాళ్ళలో అందరికంటే పేదరాలైన ఒక ముసలమ్మకు, ఆమెను ఇక్కడ అవ్వ అనే పిలుస్తాను, అయిదింటికి నాలుగు పుంజులు తేలాయి.

అవ్వ నన్నేమీ అనలేదు. అన్నది ఆమె మరిది. రచ్చబండ దగ్గర నలుగురిలో, “ఫాదర్‌గారూ, పరలోకం సంగతి మీరు చెప్పేది కూడా ఇట్లా రెక్క చూసేనా?” అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

తర్వాత పశువైద్యుణ్ణి అడిగితే తెలిసింది. రెక్క చూసి చెప్పే పద్ధతి అబద్ధం కాదు. కాని తల్లి వైపు ఈకలు ఆలస్యంగా వచ్చే గుణాన్నీ, తండ్రి వైపు త్వరగా వచ్చే గుణాన్నీ పనిగట్టుకుని కలిపి తయారుచేసిన జాతుల్లోనే అది పనిచేస్తుంది. అదీ పొదిగిన ఒకటి రెండు రోజుల్లోనే చూడాలి. మన నాటుకోళ్ళలో, ఏ జాతి రక్తం ఎంత ఉందో తెలియని రంగుకోళ్ళలో ఆ గుర్తుకు అర్థం లేదు. నా తీర్పుల కంటే రూపాయి బిళ్ళ ఎగరేసినా ఫలితం మెరుగ్గానే ఉండేది.

నేను అబద్ధమాడానా? లేదు, నమ్మే చెప్పాను. అయినా తప్పు లేదని చెప్పుకోలేను. నమ్మకం నిజాయితీగా ఉంటే చాలదు, ఆ నమ్మకానికి ఆధారమెంతో చూసుకోవాలి. ముఖ్యంగా మాట విన్నవాళ్ళు మన మాటను గాక మన అంగీని చూసి నమ్మేటప్పుడు. పుస్తకంలో ఆ పేజీ వెనక పేజీ నేను తిప్పలేదు. ఏరినందుకు వాళ్ళు కట్టిన ఎక్కువ ధర నేను తిరిగి ఇవ్వబోయాను. నలుగురు పుచ్చుకున్నారు, నలుగురు వద్దన్నారు. అవ్వ వద్దన్నవాళ్ళలో ఉంది.

ఇంతకీ, ఇంటి దగ్గర తెలుసుకోవడం ఎట్లా? ఆ పరాభవం తర్వాత పట్టుదలగా చదివాను గనుక తెలిసింది చెబుతాను.

గుడ్డును చూసి చెప్పవచ్చా అనే ప్రశ్న చాలా పాతది. గురువిద్యాలయంలో మేము అరిస్టాటిల్‌ను నీతిశాస్త్రం కోసం చదివాం గానీ, ఆయన జంతువుల మీద రాసినవి ఎవరూ మాచేత చదివించలేదు. పొడుగ్గా, కొనదేలి ఉన్న గుడ్డులోంచి పెట్ట వస్తుందనీ, గుండ్రటి గుడ్డులోంచి పుంజు వస్తుందనీ ఆయన రాశాడు. దాదాపు నాలుగు వందల ఏళ్ళ తర్వాత రోమీయుల వ్యవసాయ గ్రంథకర్త కొలుమెల్లా సరిగ్గా తలకిందులుగా చెప్పాడు. పుంజులు కావాలంటే కొనదేలిన గుడ్లు పొదగవేయమన్నాడు, పెట్టలు కావాలంటే గుండ్రటివి. మా నాయనమ్మకు లాటిను రాకపోయినా ఆమెది కొలుమెల్లా పక్షమే. ఎంత పెద్ద పండితులు రెండు వైపులా ఉన్నా, గుడ్డు ఆకారానికీ లోపలి పిల్లకూ సంబంధం లేదు. ఆ ఆకారం పెట్టిన కోడిని బట్టి ఉంటుంది. సూదికి దారం కట్టి గుడ్డు మీద వేలాడదీసి, గుండ్రంగా తిరిగితే పెట్ట, ముందుకూ వెనక్కూ ఊగితే పుంజు అనేవాళ్ళు కూడా ఉన్నారు. పట్టుకున్న చెయ్యి ఏది కోరుకుంటే సూది అటే ఊగుతుంది.

పక్షుల్లో పిల్ల ఆడదో మగదో తేలేది తల్లి వైపు నుంచి. మనుషుల్లో అది తండ్రి వైపు నుంచి తేలుతుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

పెరట్లో నమ్మదగిన గుర్తులన్నీ ఓపికతో కూడుకున్నవే. నాలుగు నుంచి ఆరు వారాల మధ్య పుంజుపిల్ల నెత్తిమీది తురాయి పెద్దదవుతుంది, ఎరుపెక్కుతుంది. పెట్టపిల్లది చిన్నగా, పాలిపోయినట్టు ఉంటుంది. కాళ్ళు పుంజుకు లావు. కాని తురాయి అసలే చిన్నదిగా ఉండే అసీలు వంటి జాతుల్లో ఈ గుర్తు కూడా మోసం చేస్తుంది. రెండున్నర, మూడు నెలలకు మెడ మీదా, తోకకు ముందు వీపు మీదా వచ్చే ఈకలు చూడండి. పుంజుకు సన్నగా కొనదేలి మెరుస్తుంటాయి, పెట్టకు కొసలు గుండ్రంగా ఉంటాయి. ఇది దాదాపు తప్పదు. ఆ తర్వాత కూతే చెబుతుంది. ముందుగా పొట్లాడే పిల్ల పుంజు అంటారు గానీ, నేను చూసిన పొట్లాటల్లో సగం పెట్టలవే.

పుట్టిన రోజునే తేల్చి చెప్పే విద్య లేకపోలేదు. 1920లలో జపాను శాస్త్రజ్ఞుడు మసుయి కియోషి, ఆయన తోటివారు కలిసి దాన్ని కనిపెట్టారు. పిల్ల మలద్వారాన్ని వేలితో మెల్లగా తెరిస్తే లోపల గుండుసూది తలంత బొడిపె కనిపిస్తుంది. దాని తీరును బట్టి ఆడా మగా చెబుతారు. 1933లో వాళ్ళ పుస్తకం ఇంగ్లీషులో వచ్చింది. శిక్షణ పొందిన జపానువాళ్ళు ఆ దశాబ్దంలోనే దేశదేశాలకు ఈ పనిమీద వెళ్ళారు. చెయ్యి తిరిగినవాళ్ళు గంటకు దాదాపు వెయ్యి పిల్లల్ని వేరు చేస్తారు, తప్పులు బహు తక్కువ. ఇంట్లో మాత్రం ఎవరూ ప్రయత్నించకండి. అనుభవం లేని వేళ్ళ మధ్య పిల్ల పేగులు చితికి చస్తుంది.

వాళ్ళకంటే ముందే, 1914-18 యుద్ధకాలంలో, ఇంగ్లండులో రెజినాల్డ్ పున్నెట్ అనే ఆచార్యుడు మరో దారి చూపించాడు. ఇంటరులో చదివే మీ పిల్లల్ని అడిగితే పున్నెట్ చదరం గీసి చూపిస్తారు, ఆయనే. తల్లిదండ్రుల రంగులు సరిగా జతకలిపితే, పిల్లల ఒంటిమీది నూగు రంగును చూసే ఆడా మగా చెప్పవచ్చు. ఇంతకూ ఆయన ఈ పనికి ఎందుకు పూనుకున్నాడు? యుద్ధంలో గింజలకు కరువు వచ్చింది. గుడ్లు పెట్టని పుంజులకు గింజలు పెట్టడం దండగ. అందుకని వాటిని ముందుగానే గుర్తుపట్టి ఏరివేయాలి.

ఈ విద్య చరిత్ర చదువుతున్నప్పుడు నాకు తట్టింది ఇక్కడే. నాయనమ్మ గుడ్డును దీపం ముందు పెట్టి చూసి “పుంజే” అన్నప్పుడు, ఆ మాట తర్వాత చేయవలసిన పనేమీ లేదు. గుడ్డు పెట్ట కిందికే వెళ్ళేది. పుంజు పుట్టినా ఆ ఇంట్లో దానికి చోటుంది. కొన్నాళ్ళు తిరుగుతుంది, ఒకటి మందకు మిగులుతుంది, ఒకటి అల్లుడొచ్చినప్పుడు కూరవుతుంది, ఒకటి సంతకు పోతుంది. హేచరీలో ప్రశ్న అదే గానీ, అడిగేవాళ్ళ పక్కన ముందుగానే రెండు గంపలు సిద్ధంగా ఉంటాయి.

2014లో నేను ఒక హేచరీ చూడడానికి వెళ్ళాను. లేయర్ కోళ్ళ పిల్లలు తయారయ్యే చోటు. ఒక అమ్మాయి కూర్చుని వేరు చేస్తోంది, వేళ్ళు కనిపించనంత వేగంగా. పెట్టలు ట్రేలలోకి, పుంజులు గోతంలోకి. రెండు వైపుల నుంచీ వచ్చే కిచకిచ ఒకటే. గోతంలోకి తొంగి చూడబోతే ఆ అమ్మాయి, “చూడకండి ఫాదర్‌గారూ. మొదటి వారం నేనూ చూశాను” అంది. మన ఇళ్ళలోంచి వెళ్ళే పిల్లల్లాంటిదే, రోజుకూలి మీద బతుకుతోంది. ఆమెను నేను ఏమని తప్పుపట్టను?

గుడ్లకోసం పెంచే జాతి వేరు, మాంసంకోసం పెంచే జాతి వేరు అయ్యాక, గుడ్ల జాతిలో పుట్టిన పుంజు ఎందుకూ కొరగానిదయింది. గుడ్డు పెట్టదు, కండ పట్టదు. ప్రపంచం మొత్తం మీద ఏటా ఆరేడు వందల కోట్ల పుంజుపిల్లల్ని మొదటి రోజే చంపేస్తారని అంచనా. కొన్నిచోట్ల విషవాయువుతో, కొన్నిచోట్ల తిరిగే బ్లేడ్ల మధ్య. మన దేశంలో కొన్నిటిని పేదవాళ్ళు చవగ్గా కొనుక్కుని మూడు నాలుగు నెలలు పెంచి మాంసానికి అమ్ముకుంటారు. కొన్ని ఆకుపచ్చ, గులాబీ రంగులు పూయించుకుని తిరునాళ్ళలో ప్రత్యక్షమవుతాయి. మా గుడి పండుగకు కూడా, తేరు ప్రదక్షిణ వెళ్ళే దారిలోనే, ఆ అంగడి పెట్టేవారు. పిల్లలు ముచ్చటపడి కొనుక్కునేవారు, వారం తిరక్కుండా అవి చచ్చేవి. ఎన్నో ఏళ్ళు నేను ఆ అంగడి పక్కనుంచే సాంబ్రాణి ధూపంతో నడిచాను, అవి ఎక్కణ్ణుంచి వచ్చాయో ఒక్కసారీ అడగకుండా.

“అయితే ఏమిటి ఫాదర్‌గారూ, మీరు కోడికూర తినరా?” అని అడుగుతారు. తింటాను. అవ్వ నాలుగు పుంజుల్లో ఒకదాన్ని క్రిస్మసు నాడు నేనే తిన్నాను, చాలా రుచిగా ఉంది. కనుక చంపడమే పాపమని నేను చెప్పబోవడం లేదు, చెప్పే అర్హతా నాకు లేదు. జంతువులు మనిషి ఉపయోగానికి ఉన్నాయని పునీత అక్వీనాసు తోమాసు గారు బోధించారు, మేమూ అదే చదువుకున్నాం. కాని ఆ వాదాన్ని ఈ గోతం పక్కన పెట్టి చూడండి. ఈ పిల్ల ఎవరి ఉపయోగానికి చస్తోంది? ఎవరికీ ఉపయోగం లేదు గనుకనే చస్తోంది. అరిస్టాటిల్ శిష్యులు ప్రతి దాన్నీ “ఇది దేనికోసం?” అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు లేని జీవిని ప్రకృతి పుట్టించలేదు, మనమే పుట్టించాం. గుడ్లు పొదిగే యంత్రంలో పెట్టేటప్పుడే సగం పుంజులొస్తాయని మనకు తెలుసు. తెలిసి పెట్టాం. పంటలో తాలు వచ్చిందంటే రైతు కోరుకున్నది కాదు. ఇక్కడ సగానికి సగం తాలు అని ముందే పేరు పెట్టుకుని పండిస్తున్నాం.

తిరుసభ 1992లో వెలువరించిన సత్యోపదేశ గ్రంథం జంతువులను ఆహారానికీ వస్త్రానికీ వాడుకోవడాన్ని ఒప్పుకుంటూనే, అవసరం లేకుండా వాటిని బాధపెట్టడం, చంపడం మనిషి గౌరవానికే విరుద్ధమంటుంది. 2015లో ఫ్రాన్సిస్ జగద్గురువులు తమ విశ్వలేఖలో ఆ మాటనే మళ్ళీ గుర్తుచేశారు. అవసరం అంటే ఏమిటన్నదే చిక్కు. నేను తినడం అవసరమా? నిజం చెప్పాలంటే చాలా రోజుల్లో కాదు. అయిదు నెలలు ఎండలో తిరిగి, మట్టి కెలికి, పెరడంతా తనదన్నట్టు బతికిన పుంజు చావుకూ, కళ్ళు సరిగా విప్పకముందే గోతంలో పడిన పిల్ల చావుకూ తేడా ఉందని నా మనసు చెబుతోంది. ఆ తేడా పుంజుకు తెలుస్తుందా అని మీరు వాదిస్తే నేను గెలవలేను. మొదటిదానికి నేను ఏదో ఒకటి ఇచ్చాకనే తీసుకున్నాననీ, రెండోదానికి ఏమీ ఇవ్వలేదనీ మాత్రం చెప్పగలను.

ఒక కాసుకు రెండు పిచ్చుకలని మత్తయి సువార్తలో ఉంది. లూకా సువార్తలో రెండు కాసులకు అయిదు అని ఉంది. అంటే అయిదోది ఊరికే వేసి ఇచ్చేది, దానికి ధరే లేదు. ఆ ధర లేనిదాన్ని కూడా దేవుడు మరచిపోడని ప్రభువు చెప్పారు. ఆ వాక్యం మీద పాతికేళ్ళుగా ప్రసంగాలు చేస్తున్నాను, ఆ గోతం చూసిన తర్వాత గానీ అయిదో పిచ్చుక నాకు కనిపించలేదు.

జర్మనీలో ఇది కోర్టుకు ఎక్కింది. సహేతుకమైన కారణం లేకుండా జంతువుకు హాని చేయకూడదని అక్కడి చట్టం. గుడ్ల వ్యాపారంలో లాభం ఒక్కటే సహేతుకమైన కారణం కాజాలదని 2019లో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం చెప్పింది. 2022 జనవరి 1 నుంచి ఆ దేశంలో పుంజుపిల్లల్ని చంపడం నిషేధం. ఫ్రాన్సు కూడా అదే దారి పట్టింది. ఇప్పుడు అక్కడ గుడ్డు పొదిగే దశలోనే, పిల్ల పూర్తిగా తయారుకాకముందే, యంత్రాలతో ఆడా మగా తేల్చి మగ గుడ్లను తీసేస్తున్నారు. కొందరు ఖర్చు కాస్త ఎక్కువైనా పుంజుల్ని కూడా పెంచుతున్నారు. మన దగ్గర వేరే ఆలోచన జరిగింది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధనా సంస్థ పల్లెల కోసం తయారుచేసిన వనరాజా జాతిలో పెట్ట గుడ్లకూ, పుంజు మాంసానికీ పనికొస్తుంది. రెంటికీ చోటుంది.

అట్లాగని మన రైతుల్ని బోనులో నిలబెట్టడం నాకిష్టం లేదు. మా హాస్టలు పిల్లలకు గుడ్డు పెట్టగలుగుతున్నామంటే, బడిలో మధ్యాహ్నం కంచంలో గుడ్డు ఉంటోందంటే, అది చవగ్గా దొరకడం వల్లనే. ఆ చవక ధరలో గోతం కూడా ఉంది. గుడ్డు ధర కాస్త పెరిగితే గోతం అక్కర్లేకుండా పోవచ్చు. పెరిగిన ధర ముందుగా ఎవరి కంచంలోంచి గుడ్డును తీసేస్తుందో ఆలోచిస్తే నోరు మూతపడుతుంది. ఈ ముడి నేను విప్పలేదు.

మగవాడు ఎప్పుడూ నష్టజాతకుడేనా అంటే అదీ కాదు. గోదావరి జిల్లాల్లో పందెం జాతి పిల్ల పుంజని తేలితే ఇంట్లో పండుగే. బాదంపప్పు తినిపించి, ఈత కొట్టించి, పేరు పెట్టి పెంచుతారు. చివరికి సంక్రాంతికి కాలికి కత్తి కట్టి, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఉండగానే, బరిలో వదులుతారు. కూడికలూ తీసివేతలూ వేసేది మన అవసరమే గాని పిల్ల రెక్కలో ఏమీ రాసి ఉండదు.

ఇక అవ్వ సంగతి. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను.

ఆ పుంజులు కూసిన సంవత్సరమే అవ్వ కోడలికి మూడో కాన్పు. మొదటి ఇద్దరూ ఆడపిల్లలు. ఒకరోజు సాయంత్రం అవ్వ బంగళాకు వచ్చి అరుగు మీద కూర్చుంది. చాలాసేపు కోళ్ళ గురించి, వాన గురించి మాట్లాడింది. పోయే ముందు అడిగింది, “ఫాదర్‌గారూ, కడుపులో బిడ్డ ఆడో మగో ముందే తెలుసుకోవడం పాపమా? ఊరికే తెలుసుకోవడమే.” పట్నంలో ఒకచోట చెబుతారట, కొడుకు వాకబు చేసుకొచ్చాడు.

1994లోనే చట్టం వచ్చింది, అది నేరమని నాకు తెలుసు. దేశంలో వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 1991లో 945 మంది ఉంటే 2001కి 927 మందే మిగిలారని, 2011లో ఆ సంఖ్య ఇంకా తగ్గిందని కూడా తెలుసు. ఆ అంకెలు అవ్వకు చెప్పి లాభం లేదు. కోడిపిల్లకూ మనిషి బిడ్డకూ పోలిక తేవడం నాకు ఇష్టం లేదు. కోడిపిల్ల విషయంలో నేను తూకం వేస్తున్నాను. బిడ్డ విషయంలో తూకానికి చోటే లేదు. అయినా నా నోటికి కోళ్ళే వచ్చాయి.

“అవ్వా, ఆనాడు నీకు పెట్టలే కావాలని నేను ఏరాను. వద్దన్న పిల్లలు ఏమయ్యాయో నువ్వు అడిగావా?” అన్నాను.

“లేదు.”

“నేనూ అడగలేదు. అవి మళ్ళీ పెట్టెలోకి వెళ్ళాయి. ఊరికే తెలుసుకోవడానికి నీ కొడుకు అప్పు చేసి పట్నం ఎందుకు పోతున్నాడు?”

అవ్వ మాట్లాడలేదు. పుంజులు పుట్టాయని నెత్తీ నోరూ కొట్టుకున్న ఇంట్లోనే ఆడపిల్ల పుడుతుందేమోనని బెంగ. ఆ తమాషా ఆమెకు తెలియకుండా పోలేదు, పెదవి చివర కదిలింది. అప్పుడు పక్షుల సంగతి చెప్పాను. కోళ్ళలో ఆడా మగా తేల్చేది తల్లి, మనుషుల్లో తండ్రి అని. “అయితే మావాడిదా?” అంది. “ఎవరిదీ తప్పు కాదు, కాని లెక్కంటూ అడిగితే మీవాడిదే” అన్నాను. “ఇన్నాళ్ళూ దాన్ని నేను అన్న మాటలు...” అని ఆగిపోయింది. తర్వాత కొంగు దులుపుకుని లేచి వెళ్ళింది. వాళ్ళు పట్నం వెళ్ళారో లేదో నేను అడగలేదు. ఆ మధ్య రోజులు నాకు తేలిగ్గా గడవలేదు. కోడిపిల్లల విషయంలో అంత ధైర్యంగా మాట్లాడినవాణ్ణి, మనుషుల విషయంలో చాలినంత మాట్లాడానో లేదో అనిపించేది.

2014 చలికాలంలో మూడో ఆడపిల్ల పుట్టింది. జ్ఞానస్నానం నేనే ఇచ్చాను. కొడుకు ముఖం కొన్నాళ్ళు ముడుచుకునే ఉంది, లేదని చెబితే అబద్ధమవుతుంది.

నాకు తర్వాత బదిలీ అయింది. కిందటి గుడి పండుగకు పిలిస్తే ఆ ఊరు వెళ్ళాను. రంగుపిల్లల అంగడి లేదు. ఇప్పటి విచారణ గురువులు ఒప్పుకోవడం లేదట. అవ్వ ఇంటికి వెళితే పెరట్లో ఒక పెట్ట, దాని వెనక పిల్లలు. ఆ మూడో మనవరాలు ఇప్పుడు హైస్కూల్లో చదువుతోంది. మెట్టు మీద కూర్చుని నూకలు చల్లుతోంది. వాటిలో ఒకదాన్ని చేతిలోకి తీసుకుని చూస్తుంటే, అలవాటు చొప్పున నా వేలు దాని రెక్క మీదికి పోయింది.

“పెట్టేనా అమ్మా ఇది?” అన్నాను.

ఆ పిల్ల గబుక్కున లేచి వచ్చి, నా చేతిలోంచి దాన్ని మెల్లగా తీసుకుని కింద వదిలింది.

“తెలీదు ఫాదర్‌గారూ. మిమ్మల్ని అడగొద్దని నాయనమ్మ చెప్పింది.”